ఒక పేరుకు ఒకే వరస

నాకు వచ్చిన కంప్యూటర్ చదువు ఎంతంటే, ఒక టేబుల్‌లోంచి కావలసిన మనుషులను పిలిచి చూడగలను. అంతకు మించి రాదు. అదైనా ప్రమోషన్ కోసం నేర్చుకున్నది కాదు. నలభై దాటాక, చత్వారపు కళ్లద్దాలు పెట్టుకుని, ఒక పిల్ల ఎక్కడికి పోయిందో తెలుసుకోవడానికి నేర్చుకున్నాను. తెలిసింది. తెలిసి ఒరిగిందేమీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివరికి ఏదో మంచి జరుగుతుందని ఆశపడి చదివేవాళ్లు ఉంటారు, వాళ్ల ఉసురు నాకెందుకు.

నేను ఏఎన్ఎంని, ఊళ్లు తిరిగి సూదులూ మందులూ ఇచ్చే నర్సుని. మాది బోనకల్ వైపు. ఆదివారం చర్చి, మిగతా రోజులు పని, ఇంతకు మించి మా ఇంట్లో సంగతులు ఉండేవి కావు. ఉద్యోగం నన్ను పర్ణశాల అవతలికి తెచ్చి పడేసింది. భక్తుల కార్లు అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరుగుతాయి, నా బండి ముందుకు పోతుంది. తారు అయిపోయి, కంకర అయిపోయి, అడవి మొదలయ్యాక కోయవాళ్ల ఇళ్లు వస్తాయి. ఇక్కడ అలాంటి చిన్న పల్లెను గుంపు అంటారు. నా కిందికి వచ్చే గుంపుల్లో అన్నిటికంటే దూరపుది, వాగు దాటితే గాని చేరలేనిది, ఈ పిల్లది.

మొదటిసారి చూసినప్పుడు దానికి తొమ్మిదో పదో ఏళ్లు ఉంటాయి. కళ్లు పచ్చగా ఉన్నాయి. మోకాళ్లు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. సికిల్ సెల్ పరీక్షలకు రక్తం తీస్తున్న రోజులవి. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగి, సన్నటి నరాల్లో అడ్డం పడి, ఒళ్లంతా నొప్పులు పెట్టే జబ్బు. తల్లిదండ్రుల నుంచి వస్తుంది, పోదు. కానీ రోజూ గోలీ వేస్తే నొప్పులు తగ్గుతాయి, పిల్లలు బడికి పోతారు. ఆ పిల్లకు రిపోర్టు వచ్చింది, గోలీలు మొదలుపెట్టాం. కొన్ని నెలలకు నా బండి చప్పుడు వినగానే వాగు దాకా ఉరికొచ్చేది.

"నర్సమ్మా, నీ బండి ముసల్దైంది, దీనికి గూడ ఒక గోలీ ఎయ్యి" అనేది.

"ముందు నువ్వు మింగు, తర్వాత దానికి ఏస్త" అనేదాన్ని.

మింగేది కాదు అంత తొందరగా. చేదని, ఆకలి చచ్చిపోతుందని, నోట్లో పెట్టుకుని పక్కకు ఊసేదని నానమ్మ ఫిర్యాదు. తునికి పండు ఒకటి చేతిలో పెడితేనే నోరు తెరిచేది. నాకు ఇద్దరు కొడుకులు. కూతురు ఉంటే ఇలా గీరగా ఉండాలని అనుకునేదాన్ని. ఇప్పుడు దాచుకునేదేముంది, ఆ పిల్లంటే నాకు ప్రాణం.

ఆ పిల్ల పేరు చెప్పను. చెప్పకపోవడానికి కారణం మర్యాద ఒక్కటే కాదు, ఆ పేరు ఒక్క మనిషిది కాదు. దాని నానమ్మకు అత్త ఒకామె ఉండేది. ఆమె పోయిన ఏడాదే నానమ్మ కొడుకులిద్దరి ఇళ్లల్లో ఆడపిల్లలు పుట్టారు. పోయిన మనిషి పేరు పుట్టిన పిల్లకు పెట్టకపోతే, ఆ మనిషి ఇంటికి తిరిగి రావడానికి దారి దొరకదని వాళ్ల నమ్మకం. అందుకని రెండిళ్లలోనూ అదే పేరు పెట్టారు. పెద్దాయన కూతురికీ అదే పేరు, చిన్నాయన కూతురికీ అదే పేరు. ఇంటి పేరు ఎలాగూ ఒకటే. గుంపులో ఎవరికీ ఎన్నడూ తికమక లేదు. ఒకరిని ఇప్పచెట్టు ఇంటిదనేవారు, ఒకరిని వాగు పక్కదనేవారు. వాగు పక్కది నా పిల్ల. ఇప్పచెట్టు ఇంటిది గుండ్రాయిలా ఉండేది, దానికి ఏ జబ్బూ లేదు.

ఇక పుట్టిన తేదీ. అడవిలో పుట్టిన పిల్లకు తేదీ ఎవరు రాసి పెడతారు? వానలు పడ్డప్పుడనో, తునికాకు కోతలప్పుడనో చెబుతారు. ట్యాబ్‌లో యాప్‌కు అది పనికిరాదు. గడిలో తేదీ పడితే గాని పక్క గడికి పోనివ్వదు. నాకంటే ముందున్నవాళ్లు చేసిందే నేనూ చేశాను, పక్క మండలాల వాళ్లూ అదే చేస్తారు. ఏడాది అంచనా వేసి, జనవరి ఒకటి అని కొడతాం. ఆధార్‌లోనూ అంతే, బడిలోనూ అంతే. మా దగ్గర అడవంతా జనవరి ఒకటినే పుట్టింది. దీని మీద మేం నవ్వుకునేవాళ్లం కూడా.

ఒక నెల గోలీల డబ్బా వచ్చింది. ఎవరి పొట్లం మీద వాళ్ల పేరు అంటించి వస్తుంది. వాగు పక్క పిల్ల పొట్లం లేదు. ట్యాబ్ తెరిచి పేరు కొట్టాను. పేరు వచ్చింది, ఎదురుగా 'నార్మల్' అని ఉంది. నెట్‌వర్క్ సరిగా లేదనుకున్నాను. నా పైన ఉండే సూపర్‌వైజర్ సారుకు ఫోన్ చేస్తే సర్వర్ అన్నాడు. ఇక్కడ ఏది అడిగినా సర్వర్ అంటారు. పూర్వం దయ్యాల మీద తోసేవాళ్లట, ఇప్పుడు దాని మీద తోస్తున్నారు.

రెండో నెలా రాలేదు. అప్పుడు నేనే భద్రాచలం వెళ్లి, రికార్డులు చూసే ఆఫీసులో కూర్చున్నాను. అక్కడ ఒక ఆపరేటర్ అమ్మాయి ఉండేది, ఎర్రుపాలెం తనది, కాంట్రాక్టు ఉద్యోగం. మా వైపు పిల్ల కదా అని చనువుగా పక్కన కుర్చీ లాక్కున్నాను.

"పేరు కొడితే నార్మల్ వస్తంది. ఆ పిల్ల నార్మల్ కాదు. నా చేత్తో రక్తం తీసిన" అన్నాను.

"యాప్‌లో చూస్తే అంతే కనపడుద్ది అక్కా. లోపల అడిగి చూద్దాం" అంది. నల్లటి తెర ఒకటి తెరిచి, ఇంగ్లిషులో ఒక వాక్యం కొట్టింది. నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా కదలనని చెప్పాను. నవ్వి, కోచింగ్‌లో తనకు చెప్పినట్టే నాకు చెప్పింది.

"సెలెక్ట్ అంటే ఏమేం చూపించాలో చెప్పటం. పేరు, ఊరు, జబ్బు, గట్లా. ఫ్రమ్ అంటే ఏ టేబుల్లోంచి తియ్యాలో. వేర్ అంటే అందులో ఎవరెవరిని. ఇంతే అక్కా."

ఇంతేనా అనుకున్నాను. టీకాల రోజు నేను ఆశా కార్యకర్తను ఏమడుగుతాను? పిల్లల పేరూ నెలలూ చెప్పు, ఈ గుంపులో వాళ్లవి, చుక్కలు పడనివాళ్లవి మాత్రమే. ఏమేం కావాలి, ఎందులోంచి కావాలి, ఎవరివి కావాలి. ఇన్నేళ్లుగా నేను నోటితో అడుగుతున్నదాన్నే ఈ పిల్ల వేళ్లతో అడుగుతోంది. ఆ కాసేపు నాకు సంతోషమేసింది. నేర్చుకున్న సంతోషం ఏ వయసులోనైనా అంతే కదా.

ఊరు పేరు, ఇంటి పేరు, పిల్ల పేరు పెట్టి వేర్ రాశాం. ఒక్క వరస వచ్చింది. తండ్రి పేరు పెద్దాయనది. నార్మల్.

"ఇది ఇప్పచెట్టు ఇంటిది. నా పిల్లేది?"

"ఒక్కటే ఉందక్కా."

వేర్‌లో తండ్రి పేరు మార్చి చిన్నాయనది పెట్టాం. ఏమీ రాలేదు. ఊరు తీసేసి అడిగాం. జబ్బు పెట్టి అడిగాం. మళ్లీ మళ్లీ అడిగాం, వేర్‌లో ఏది మార్చినా ఆ పిల్ల రాలేదు. అప్పుడా అమ్మాయి చేతులు కీబోర్డు మీద నుంచి తీసి, ఒక మాట చెప్పింది.

"రాసేటప్పుడు సెలెక్ట్ ముందు రాస్తాం గానీ అక్కా, మిషన్ ముందు చూసేది ఫ్రమ్. టేబుల్ పట్టుకున్నాకే వేర్‌తో ఏరుద్ది. చూపించేది ఆఖర్న. ఫ్రమ్‌లో లేకపోతే వేర్‌లో ఎన్ని రాసినా రాదు."

"లేకుండా ఎట్ల పోతది? నేనే ఎక్కించిన."

పైనుంచి వచ్చిన పాత మెయిళ్లు వెతికి చూపించింది. బడిలో ఒకసారి, ఇంటి దగ్గర ఒకసారి సూది గుచ్చి, ఒకే మనిషిని రెండుసార్లు ఎక్కించిన చోట్లు చాలా ఉన్నాయట. లెక్కలు తప్పుతున్నాయట. డూప్లికేట్లు తీసేశారు. ఎలా తీశారో ఆ వాక్యం కూడా అందులో ఉంది. దాని కోసం నేను ఇంకో రెండు ముక్కలు నేర్చుకోవలసి వచ్చింది.

గ్రూప్ బై అంటే ఒకే రకంవాటిని కట్ట కట్టడం. రక్తం ట్యూబులను ఊళ్ల వారీగా కట్టి పైన అట్ట అంటిస్తాం కదా, అలాంటిది. కట్ట కట్టాక లోపలి ట్యూబు ఏదీ విడిగా కనపడదు, కట్టకు ఒక అట్టే కనపడుతుంది. హావింగ్ ఆ తర్వాత వస్తుంది. వేర్ మనుషులను ఒక్కొక్కరిని అడిగి ఏరితే, హావింగ్ కట్టలను అడిగి ఏరుతుంది. నీలో ఒకటి కంటే ఎక్కువ ఉన్నారా అని అడగడానికి హావింగ్ కావాలి. ఇక్కడ కట్టలు పేరు, ఇంటి పేరు, ఊరు, పుట్టిన తేదీ, ఈ నాలుగిటి మీద కట్టారు. ఈ నాలుగూ కలిసినవాళ్లు ఒకరి కంటే ఎక్కువ ఉంటే, ముందు ఎక్కించిన వరస ఉంచి తక్కినవి తీసేశారు.

ఇప్పచెట్టు ఇల్లు దారిలో ముందు వస్తుంది. దాన్నే ముందు ఎక్కించాను.

"తండ్రి పేరు పెట్టలేదేంది? అది పెడితే ఇద్దరు ఇద్దరుగా ఉండేటోళ్లు గదా!" గట్టిగానే అరిచాను. పక్క టేబుళ్ల వాళ్లు తలలు తిప్పారు.

"తండ్రి పేరు ఒక్కోసారి ఒక్కోరకంగా ఎక్కిస్తారు అక్కా. అది పెడితే నిజం డూప్లికేట్లు కూడా దొరకవు. ఆధార్ నంబరు చానామందికి ఎక్కనే లేదు" అంది మెల్లగా.

నిజమే. కాదనడానికి ఏముంది? ఎవరో హైదరాబాదులో కూర్చుని, బుద్ధి పెట్టే రాసిన వాక్యం అది. నాకు తిట్టడానికి ఒక మనిషి కావాలి, దొరకలేదు. పోయిన మనిషి పేరు రెండిళ్లలో పెట్టుకుంటారని వాళ్లకు తెలియదు. తేదీ లేకపోతే జనవరి ఒకటి కొడతామని మేం చెప్పలేదు, వాళ్లు అడగలేదు. ఎవరి పని వాళ్లు సరిగానే చేశారు, మధ్యలో పిల్ల లేకుండా పోయింది.

"సరే, మళ్లీ ఎక్కియ్యి" అన్నాను.

"నాకు సెలెక్ట్ ఒక్కదానికే పర్మిషన్ ఉందక్కా. చూడగలను. రాయలేను."

గుంపుకు వెళ్లి ట్యాబ్‌లో నేనే కొత్తగా ఎక్కించబోయాను. ఈ పేరు, ఈ తేదీతో ఇప్పటికే ఒకరున్నారు అని ఆపేసింది. తేదీ మార్చి కొడితే ఆధార్‌తో కలవలేదంది. ఆధార్ తేదీ మార్చాలంటే పుట్టిన సర్టిఫికెట్ కావాలి. అది అడవిలో ఎవరిస్తారు? పైకి అర్జీ పెట్టాను. సారు పంపించానన్నాడు, పంపించే ఉంటాడు. డాక్టరు బయట కొనుక్కోమని చీటీ రాశాడు. మందుల షాపులో ఆర్డరు పెడితే వస్తాయన్నారు, కొన్నిసార్లు వచ్చాయి, కొన్నిసార్లు రాలేదు. ఇంట్లోవాళ్లకు కారణం చెప్పాలి కదా. గ్రూప్ బై అని చెప్పనా?

"కంప్యూటర్ల నీ మనవరాలి పేరు పోయింది అవ్వా. అందుకే గోలీలు వస్తలేవు" అన్నాను నానమ్మతో.

"పేరెట్ల పోతది? దానికే ఉంది గదా" అంది ఆమె, పిల్లను చూపించి. పిల్ల మాత్రం గోలీలు లేవని సంబరపడి, తునికి పళ్లు ఊరికే తిన్నది.

వానలు పడ్డాయి, వాగు పొంగింది. పిల్లకు జ్వరం వచ్చిందని, గుండెలో పొడుస్తోందంటూ ఏడుస్తోందని ఫోన్ వచ్చింది. నేను ఇవతలి ఒడ్డున అంబులెన్సు పెట్టుకుని నిలబడ్డాను. అవతలి నుంచి మంచానికి తాళ్లు కట్టి, నడుము లోతు నీళ్లలో మోసుకొచ్చారు. పిల్ల నన్ను చూసి ఏదో అనబోయింది, దగ్గు వచ్చి ఆగిపోయింది. దవాఖానాలో వాళ్లు చేయగలిగిందంతా చేశారు. సాయంత్రం కాకముందే పోయింది. గోలీలు ఆగకుండా వేసి ఉంటే బతికేదా అని డాక్టరును అడిగాను. చెప్పలేం సిస్టర్ అన్నాడు. చెప్పలేం అనే మాట ఒక మనిషిని ఎంత కాలం తినగలదో ఆయనకు తెలియదు.

తర్వాత ఇంకొకటి జరిగింది. పోయిన పేషెంట్‌ను యాప్‌లో పోయినట్టు చూపించాలి. పిల్ల వరసే లేదు, దేని మీద నొక్కను? సారుకు ఫోన్ చేశాను.

"ఆ పేరు మీద ఒకటి ఉంది గదమ్మా. దాన్నే డెత్ చెయ్యి, అయిపోతది" అన్నాడు.

"అది బతికున్న పిల్ల సార్."

"మరి చనిపోయింది ఎవరు?"

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నేను ఫోన్ పెట్టేసి, బండి పక్కన కూర్చుని, రోడ్డున పోయేవాళ్లు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను. ఇప్పచెట్టు పిల్లను చంపనన్నాను. అందువల్ల నా పిల్ల పోవడం కూడా ఎక్కడా ఎక్కలేదు. ఉన్నట్టూ లేదు, పోయినట్టూ లేదు. ఆ రోజు నుంచి నాకు ప్రార్థన కూడా సరిగా కుదరడం లేదు.

ఆ చలికాలమే వాళ్లమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఏడో రోజు పేరు పెడతాం రమ్మన్నారు. ఏ పేరు పెట్టబోతున్నారో దారిలోనే తెలుసు నాకు. గుమ్మం ముందే నానమ్మ చేతులు పట్టుకున్నాను.

"అవ్వా, ఆ పేరొద్దు. ఇంకేదన్న పెట్టుండ్రి. మళ్ల కంప్యూటర్ల కలిసిపోతది."

"అది రావద్దా ఇంటికి?" అంది. నా చేతులు విడిపించుకుని, "సరే, నువ్వు జెప్పే పేర్లు గూడ అడుగుదం. పిల్ల ఇష్టం" అంది.

వాళ్ల పద్ధతి ఇది. పసిబిడ్డను మంచం మీద పడుకోబెట్టి, అరచేతిలో ఇప్పాకు పెట్టి, ఒక్కో పేరు పిలుస్తారు. ఏ పేరుకు బిడ్డ గుప్పెట మూస్తే అదే పేరు. నేను చెప్పిన పేర్లన్నీ పిలిచారు. మా చర్చిలో పిల్లల పేర్లు, బడిలో టీచర్ల పేర్లు, నోటికి వచ్చినవన్నీ చెప్పాను. ఆకు జారి పడిపోయింది, మళ్లీ పెట్టారు, మళ్లీ పడిపోయింది. అప్పుడు నానమ్మ వంగి ఆ పేరు పిలిచింది. బిడ్డ గుప్పెట మూసింది.

పసిబిడ్డ అరచేతిలో ఏది పెట్టినా గుప్పెట మూస్తుందని నర్సింగులో చెప్పారు. మరి అంతసేపు ఎందుకు తెరిచి ఉంచిందో చెప్పలేదు. అందరూ నవ్వారు, తల్లి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ట్యాబ్ తీశాను. ఈ బిడ్డ పుట్టిన రోజు నాకు తెలుసు, పురుడు పోసింది నేనే. అసలు తేదీ కొట్టాను, కలవలేదనడానికి బిడ్డకు ఆధార్ ఇంకా లేదు. యాప్ ఒక్క మాటా అనకుండా తీసుకుంది. ఒక్క తేదీ. అంతే కావలసింది.

మడమకు సూది గుచ్చి, రక్తం పరీక్షకు పంపాను. ఆ నెల ఆఫీసుకు వెళితే ఆ సీట్లో వేరే ఆమె ఉంది, ఎర్రుపాలెం అమ్మాయి కాంట్రాక్టు అయిపోయిందట. అడిగి, వాక్యం నేనే చెప్పి కొట్టించాను. ఆ పేరు వేర్‌లో పెట్టి, చివర ఆర్డర్ బై పుట్టిన తేదీ అన్నాను, పెద్దవాళ్లు పైన, చిన్నవాళ్లు కింద వచ్చేటట్టు. రెండు వరసలు వచ్చాయి. పైన ఇప్పచెట్టు పిల్ల. దాని కిందనే పసిబిడ్డ.

"ఇద్దరే మేడం. కరెక్టేనా?" అంది ఆమె.

"అవ్" అన్నాను. టేబుల్లో ఉన్నంతవరకు కరెక్టే.

కొన్నాళ్లకు బిడ్డ రిపోర్టు వచ్చింది. అక్కకున్న జబ్బే. కాగితం చేతిలో పట్టుకుని వాగు దాటి వెళ్లాను. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను, చెప్పడం మాత్రం చేతకాలేదు. నానమ్మ నా ముఖం చూసి తనే అడిగింది.

"దానికున్నదేనా?"

"అవ్ అవ్వా. అదే."

ముసలామె ముఖం విచ్చుకుంది. బిడ్డను పైకెత్తి పట్టుకుని, నవ్వుతూ ఇంట్లోకి కేకేసింది, మొదట కోయలో, తర్వాత నా కోసం తెలుగులో. "జెప్పలె నేను? అదే ఒచ్చింది. నొప్పులతో సహా అదే ఒచ్చింది!" పిల్ల పోయిన తర్వాత ఆమె నవ్వడం నేను చూడలేదు. తండ్రి కూడా బయటికి వచ్చి బిడ్డ కాళ్లు పట్టుకుని చూశాడు.

నేను బండి దగ్గరికి నడిచాను. ఆమె బిడ్డను చంకన వేసుకుని నా వెనకే వచ్చింది. కోపం లేదు ఆమె గొంతులో, చాలా రోజులుగా అడుగుదామనుకుని ఆగిన మాటలా అంది.

"ఈసారన్న గోలీలు తెచ్చుడు మర్చిపోకు నర్సమ్మా."

మర్చిపోనన్నాను.